ఇంకో అరగంట

ఆ లారీల కంపెనీలో పంతొమ్మిదేళ్ళుగా ఫోను దగ్గర కూర్చునేది ఒకే మనిషి. ఆఫీసులో అందరూ ఆమెను ఫోనక్క అంటారు. మేడ మీద చివరి గది ఆమెది. కిటికీ తెరిస్తే కింద లారీల యార్డు, డీజిల్ వాసన. బల్ల మీద రెండు ఫోన్లు, గోడకి నలభై లారీల నంబర్లు రాసిన తెల్ల బోర్డు. ఏ లారీ ఎక్కడుందో, ఏ గోడౌన్ దగ్గర వరసలో ఎన్నోదిగా నిలబడిందో ఆ బోర్డు చూస్తే తెలిసిపోతుంది. డ్రైవర్లు ఫోన్ చేస్తే జవాబు చెప్పడం ఆమె పని. వాళ్ళు అడిగేదీ పెద్దగా ఏమీ ఉండదు. నూటికి తొంభైసార్లు ఒకటే ప్రశ్న: "అక్కా, ఇంకా ఎంతసేపు?"

ఎంతసేపంటే, గోడౌన్‌వాళ్ళు లారీని లోపలికి పిలిచి సరుకు దించుకునేదాకా అని. లారీ నడపడం కంటే గేటు బయట ఇలా పడిగాపులు పడటంలోనే డ్రైవరు బతుకు సగం తెల్లారిపోతుంది. ఈ సంగతి మనకి తెలీదు. తెలిస్తే లారీ వెనక నిలబడి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టేముందు కాస్త ఆలోచిస్తాం.

ఆమె జవాబు కూడా ఒకటే. "ఇంకో అరగంట తమ్ముడూ. ఓపిక పట్టు, నేను మాట్లాడుతున్నాగా."

ఆ జవాబు ఆమె సొంతం కాదు. చేరిన కొత్తలో అప్పటి మేనేజరు నేర్పాడు. "ఐదు గంటలు పడుతుందని చెప్పావనుకో, వాడు అక్కడే రభస చేస్తాడు. లేదా బండి వదిలేసి చక్కాపోతాడు. అరగంట అని చెప్పు. అరగంట ఎవడైనా ఓర్చుకుంటాడు. అది అయ్యాక మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ అరగంట చెప్పు." అలా ఐదు గంటల్ని పది ముక్కలు చేసి, ఒక్కో ముక్కా చేతిలో పెట్టడం ఆమెకి కొన్నాళ్ళకే కొట్టిన పిండి అయిపోయింది.

ఊరికే అరగంట అని ఊరుకునేది కాదు. అన్నం తిన్నావా అనేది. మీ అమ్మకి కంటి ఆపరేషన్ ఎప్పుడనేది. సొరుగులో ఒక లావుపాటి నోటు పుస్తకం ఉండేది. పేజీకో లారీ నంబరు, దాని కింద ఆ డ్రైవరు ఇంటి సంగతులు. ఎవరి పిల్ల ఏ తరగతో, ఎవరి ఆవిడకి మోకాళ్ళ నొప్పులో అన్నీ అందులో రాసుకునేది. అది ఆమె చేత ఎవరూ చేయించలేదు.

ఎందుకు రాసుకునేదంటే, ఆమె సొంత ఇంట్లో రాసుకోవడానికేమీ లేదు. దర్జీ కొట్టు మీద రెండు గదులు. భర్త పోయి ఇరవై ఏళ్ళు. పిల్లలు లేరు. చెల్లెలు వేరే ఊళ్ళో ఉంటుంది, ఆదివారం ఫోన్ చేస్తానంటుంది, మర్చిపోయే ఆదివారాలే ఎక్కువ. సాయంత్రం తాళం తీసేసరికి పొద్దున పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. అందుకే ఆ రెండు ఫోన్లూ ఆమెకి ఉద్యోగం కాదు, బలగం. రోజుకి నూట యాభై సార్లు ఎవరో ఒకరు అక్కా అని పిలుస్తుంటే, నాకెవరూ లేరని ఎవరన్నారు అనుకునేది.

ఇంతలో డ్రైవర్లు మానేయడం మొదలుపెట్టారు. తొమ్మిది నెలల్లో పద్నాలుగు మంది. కొత్త మేనేజరు చదువుకున్నవాడు, జేబులో రెండు పెన్నులు పెట్టుకునే రకం. ఎగ్జిట్ ఇంటర్వ్యూ అని ఒక ఫారం తయారు చేశాడు. మానేసి పోయేవాణ్ణి కూర్చోబెట్టి, ఎందుకు పోతున్నావు నాయనా అని అడగడమన్నమాట. ఉన్నన్నాళ్ళూ అడగని సంగతి పోయేటప్పుడు అడగడం పెద్ద ఆఫీసుల పద్ధతి కాబోలు. ఫారంలో కారణానికొకటి చొప్పున ఏడు గడులు, కింద రెండు ఖాళీ గీతలు. డ్రైవర్లకి అక్క అంటే చనువు కాబట్టి ఆ పని ఫోనక్కకే అప్పగించారు.

పద్నాలుగు మందీ వచ్చారు, కూర్చున్నారు, నీళ్ళు నమిలారు, నాలుగో గడి చూపించారు. అందులో 'ఇంటి కారణాలు' అని ఉంది. అందరివీ అవే.

"ఏమ్మా, పద్నాలుగు మందికీ ఒకేసారి ఇళ్ళు గుర్తొచ్చాయా?" అన్నాడు మేనేజరు. "నెలాఖరుకి అసలు కారణం నా బల్ల మీద ఉండాలి. లేదంటే ఈ పనీ ఫోన్ల పనీ కలిపి బయటివాళ్ళకి ఇచ్చేద్దామంటున్నారు ఓనరు గారు."

ఫోన్లు పోతే ఇక ఆమెను పిలిచేదెవరు?

పదిహేనో రాజీనామా ముప్పై ఒకటి నుంచి వచ్చింది. అది లారీ నంబరు. పన్నెండేళ్ళుగా ఆ లారీ తోలే మనిషిని ఆమె 'ముప్పై ఒకటి గారూ' అనే పిలుస్తుంది. తనకంటే రెండేళ్ళు పెద్దవాడే అయినా ఆయనా అక్కా అనే అంటాడు. ఒక్కరోజూ గొంతు పెంచి ఎరగడు. నోటు పుస్తకంలో ఆయనకి మూడు పేజీలున్నాయి. ఒక్కతే కూతురు. రెండో తరగతిలో ముందు పళ్ళు ఊడిన దగ్గర్నుంచి మొన్న కాలేజీలో చేరినదాకా అన్నీ ఆమెకి తెలుసు. అలాంటి మనిషి తనతో ఒక్క మాటైనా అనకుండా మానేస్తున్నానని కింద కాగితం ఇచ్చి పోయాడు. ఆమెకి చాలా కష్టమేసింది.

గురువారం పొద్దున పదకొండింటికి ఆయన మేడెక్కి వచ్చాడు. ఆమె రెండు కుర్చీలు కిటికీ దగ్గరికి జరిపి, ఫ్లాస్కులో టీ తెచ్చి ఉంచింది. ఆయన జేబులోంచి తాళం చెవులు తీసి బల్ల మీద పెట్టాడు. పన్నెండేళ్ళలో ఎదురెదురుగా కూర్చోవడం ఇది మూడోసారో నాలుగోసారో.

"నాలుగో గడిలోనే టిక్కు కొట్టండక్కా," అన్నాడు కూర్చుంటూనే.

"కొట్టను," అంది. "పద్నాలుగు కొట్టాను. ఈసారి నిజం చెప్తేగానీ మిమ్మల్ని కదలనివ్వను. బయట ఎవరైనా ఎక్కువ ఇస్తామన్నారా?"

"లేదు."

"బండి బాలేదా? పైవాళ్ళెవరైనా ఏమన్నా అన్నారా?"

"బండి బంగారం. నన్నెవరూ ఏమీ అనలేదు."

"మరి?"

ఆయన టీ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "చెప్తే రాస్తారా?"

"ఉన్నదున్నట్టు రాస్తాను."

"మా అమ్మాయి మీకో పేరు పెట్టింది, తెలుసా?" అన్నాడు. "చిన్నప్పటి నుంచీ అదే పేరు. అరగంటత్త."

ఆమె మొహం వెలిగిపోయింది. ఎన్నడూ చూడని పిల్ల తనని అత్త అంటోంది! "నిజంగా? అత్త అంటుందా?"

"అంటుంది. దానికి సైకిల్ నేర్పిస్తానన్నానక్కా, మూడో తరగతిలో. మూడు ఆదివారాలు ఆ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరే అయిపోయాయి. మీకు ఫోన్ చేస్తే అరగంట అనేవారు. నేను ఇంటికి ఫోన్ చేసి, అరగంటలో బయల్దేరతానమ్మా అనేవాణ్ణి. మీరిచ్చిన ప్రతి అరగంటా పట్టుకెళ్ళి వాళ్ళకే ఇచ్చాను. నాలుగో వారం వెళ్ళేసరికి వీధంతా సైకిల్ మీద తిరుగుతోంది. ఎప్పుడు నేర్చుకున్నావే అంటే, 'అరగంటత్త చెప్పిన అరగంటలో' అంది. కోపంగా కూడా అనలేదు."

ఫోనక్క నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"అది పాత సంగతి, పోనివ్వండి," అన్నాడాయన. "పోయిన నెల, లోడు తొందరగా దిగింది. ఎప్పుడూ లేనిది నిజంగానే మా వీధికి అరగంట దూరంలో ఉన్నాను. ఇంటికి ఫోన్ చేశా, అరగంటలో వస్తున్నా, అన్నం అందరం కలిసి తిందాం అని. సరే సరే అంది మా ఆవిడ. వెళ్ళేసరికి తాళం వేసుంది. తల్లీకూతుళ్ళు తినేసి సినిమాకి వెళ్ళారు. నా ఇంటి మెట్ల మీద నేను మూడు గంటలు కూర్చున్నానక్కా, గోడౌన్ గేటు దగ్గర కూర్చున్నట్టు. వచ్చి నన్ను చూసి వాళ్ళే బిత్తరపోయారు. 'నిజంగా అరగంటేనా నాన్నా?' అంది పిల్ల. ఆ మెట్ల మీదే అనుకున్నా, ఇక చాలని."

గదిలో ఫోను మోగింది. ఆమె తియ్యలేదు. మోగి మోగి అదే ఆగింది.

"అందరికీ ఇదేనా?" అంది చివరికి. "ఆ పద్నాలుగు మందికీ?"

ఆయన తల వంచుకున్నాడు. "రోడ్డు మీద మిమ్మల్ని అందరూ అరగంటక్క అనే అంటారు. మీ మొహం మీద చెప్పలేక నాలుగో గడి చూపిస్తారు. మీరు మంచివారు, అదే వచ్చిన చిక్కు. కసురుకునే మనిషైతే మొదటిరోజే నమ్మడం మానేసేవాళ్ళం. మీరు మా పిల్లల్ని పేరు పెట్టి అడుగుతారు. మీ మాట నమ్మకుండా ఎలా ఉంటాం?"

ఆయన ఫారం మీద సంతకం పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "టీ బాగుందక్కా," అని మెట్లు దిగిపోయాడు.

ఆమె చాలాసేపు ఆ ఫారం ముందు కూర్చుంది. నాలుగో గడి కొడితే అబద్ధం కూడా కాదు. ఇంటి కారణమేగా? పాత మేనేజరు నేర్పాడని రాసినా చెల్లుతుంది, ఆయన ఎప్పుడో రిటైరై పోయాడు. కానీ గోడ మీద బోర్డు ఎదురుగా ఉంది. ఎవరి ముందు ఎన్ని బళ్ళున్నాయో ప్రతిసారీ ఆమెకి తెలుసు. తెలిసే అరగంట అంది. పంతొమ్మిదేళ్ళలో ఆ అరగంట ఎక్కడికి పోతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. తను ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు తన ఇంట్లో ఉంటే ఆలోచించేదేమో. ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. ముక్కు తుడుచుకుని కింద రెండు గీతల మీదా రాసింది: 'ఎంతసేపు పడుతుందో తెలిసి కూడా మేం డ్రైవర్లకి చెప్పం. ఆ అబద్ధం చెప్పింది నేను.'

మేనేజరు చదివి కళ్ళజోడు తీశాడు. "అమ్మా, మీ మీద మీరే రాసుకున్నారు."

"అవునండి."

"ఇది ఓనరు గారు చూస్తే మిమ్మల్ని ఉంచుతారో లేదో నాకు తెలీదు."

"చూపించండి. కారణం కావాలన్నారుగా?"

ఆయన పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. "సరే, ఒక నెల ఉన్న టైమే చెప్పి చూడండి. తర్వాత చూద్దాం."

మర్నాడు మొదటి ఫోను ఇరవై రెండు నంబరు కుర్రాడిది. పెళ్ళై ఏడాది, ఇంట్లో నెలల పిల్లాడు. "అక్కా, ఎంతసేపు?"

ఆమె బోర్డు చూసింది. "నీ ముందు ఆరు బళ్ళున్నాయి తమ్ముడూ. సాయంత్రం ఆరవుతుంది."

"ఆటపట్టించకండక్కా. నిజం చెప్పండి, అరగంటేనా?"

"ఆరు గంటలకి."

ఫోన్ టక్కున పెట్టేశాడు. ఆ వారమంతా తిట్లే తిట్లు. ఏడు గంటలా, మేం మనుషులమా కాదా అని అరిచారు. ఆమె అన్నీ వింది. ఒక్క తిట్టుకీ ఎదురు చెప్పలేదు. తర్వాత తిట్లు తగ్గాయి.

వాటితోపాటు ఫోన్లూ తగ్గాయి. ఆ సంగతి ఆమె ముందు ఊహించలేదు. ఆరింటికని పొద్దున్నే తెలిశాక, అరగంటకోసారి ఫోన్ చేసి అక్కా అనాల్సిన అవసరం ఎవరికుంది? లారీ పక్కన పెట్టి పడుకుంటున్నారు, ఇంటికి ఫోన్ చేసుకుంటున్నారు. నూట యాభై కాస్తా ముప్పైకి దిగింది. పిల్లల సంగతులు చెప్పేవాళ్ళు లేరు. నోటు పుస్తకం సొరుగులోంచి బయటికి రావడం మానేసింది. మధ్యాహ్నం పూట కింద యార్డులో ఎవరో చక్రం నట్లు బిగిస్తుంటే ఆ చప్పుడు ఒక్కటే మేడ మీదికి వినిపించేది. ఆమె ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, పనిచేస్తోందో లేదో చూసుకుని మళ్ళీ పెట్టేసేది.

నెల చివరి శనివారం సాయంత్రం ఆరూ పదికి ఫోను మోగింది.

"అక్కా, ఇరవై రెండు. లోడు దిగింది. ఆరన్నారు, ఆరూ పదికి అయింది. ఏడున్నరకి వస్తానని ఇంట్లో పొద్దున్నే చెప్పేశా."

"నమ్మారా?"

"నవ్వారు. వెళ్ళాక నమ్ముతార్లెండి." ఇంజను స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. "అవునూ, ఇంకా ఆఫీసులోనే ఉన్నారేంటి? మీరు ఇంటికెప్పుడెళ్తారక్కా?"

ఈ పంతొమ్మిదేళ్ళలో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఇంకో అరగంట అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నాకు తొందరేం లేదు తమ్ముడూ. మా ఇంట్లో ఎవరూ ఉండరు."

"ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదే అక్కా," అన్నాడు.

"నువ్వు బయల్దేరు," అందామె. "ఏడున్నరన్నావు."

ఫోన్ పెట్టేసి, లేచి వెళ్ళి, బోర్డు మీద ఇరవై రెండు ఎదురుగా ఉన్నది తుడిచి 'ఇంటికి' అని రాసింది.