అన్నీ ఐదులే

యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయి వచ్చిన కొత్తలో, యూనివర్సిటీలో గణాంకాల సలహా బల్ల నాకు అప్పగించారు. పరిశోధన చేసే పిల్లలు తమ లెక్కలు పట్టుకొస్తే, వాటితో ఏం చేయాలో చెప్పడం నా పని. ఆ బల్ల వల్ల ఉపయోగం ఉందో లేదో నెలాఖరుకి రిపోర్టు ఇమ్మన్నారు హెడ్డుగారు. లేదని తేలితే తీసేస్తారు. నాకు ఆ బల్లంటే ప్రాణం. ఈ ఊళ్లో నన్ను వెతుక్కుంటూ మనుషులు వచ్చే చోటు అదొక్కటే.

ఒక ఫారం తయారుచేశాను: నా సాయానికి ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారు? వచ్చినవాళ్ల చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని నింపించుకున్నాను. అన్నీ ఐదులే. గాల్లో తేలిపోయాను. గణాంకాలు చెప్పేదాన్ని, ఆ మాత్రం అనుమానం రావద్దూ!

ముదలియార్‌పేట నుంచి వచ్చే ఒక అమ్మాయి కూడా ఐదు వేసింది. తేంగాయితిట్టు రేవులో చేపలమ్మే ఆడవాళ్ల నడుంనొప్పుల మీద ఆమె పరిశోధన. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. తెలుగమ్మాయి దొరికిందన్న సంబరంలో, రెండు సగటుల మధ్య తేడాను ఎప్పుడు నమ్మాలో వివరంగా, గుండ్రటి అక్షరాలతో రెండు పేజీలు తెలుగులో రాసిచ్చాను. భద్రంగా మడిచి సంచిలో పెట్టుకుంది.

కొన్నాళ్లకి, "ఏదీ, ఆ తేడా సంగతి నాకు చెప్పమ్మా" అన్నాను. తల వంచుకుంది.

"నాకు తెలుగు సదవను రాదు మేడం. ఇంట్లో మాట్లాడేదే. బళ్లో అంతా తమిళమే."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"అంత ప్రేమగా రాసిస్తిరి. ఎట్లా చెప్పేది?"

"ఐదెందుకు వేశావు మరి?"

"మీరు ఎదురుగానే కూర్చోనుంటిరి కదా!"

సిగ్గుతో చచ్చిపోయాను. కోపం ఆమె మీద కాదు, నా మీదే వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా నేను ఆ రెండు పేజీలూ పైకి చదువుతుంటే ఆమె తమిళ అక్షరాల్లో రాసుకుంది. అర్థంకాని చోటల్లా "ఏంది అది?" అని ఆపింది. అలా ఎవరైనా ఆపాలని నేను ఎంత ఎదురుచూశానో అప్పుడే తెలిసింది.

వెళ్లేముందు కొత్త ఫారం ఇచ్చి, నేను వరండాలోకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి మూడు వేసి ఉంది. కింద తమిళ అక్షరాల్లో ఒక వరస. బాగుందని తలూపబోయి ఆగాను. "నాకు చదవడం రాదమ్మా" అన్నాను. ఆ చిన్నమాట నోట్లోంచి రావడం ఎంత కష్టమో!

నవ్వుతూ చదివి వినిపించింది: "ఇప్పుడే కొంచెం అర్థమాయె. ఇంకా రెండు దినాలు ఈ అక్క కావల్ల."

బల్ల ఉంటుందో పోతుందో తెలియదు. అయినా ఐదులన్నీ సొరుగులో పెట్టి, హెడ్డుగారికి ఆ ఒక్క కాగితమే పంపాను.