మాస్టారు తీసిన వంటిళ్లు

మా యూనిట్ వంటమాస్టారు పోయారని మొన్న మంగళవారం, ఫిల్మ్‌నగర్ నుంచి షూటింగ్‌కి బయల్దేరుతుంటే మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు. ఆస్పత్రిలో ఉన్నారని నాకు తెలుసు. వెళ్లి చూడాలనుకుంటూనే నెల గడిపేశాను. ఆ తప్పు ముందే ఒప్పుకుని ఆయన గురించి చెబుతాను.

నేను సినిమాలకు స్టిల్స్ తీస్తాను. పాటల కోసం విదేశాలకు వెళ్లినప్పుడల్లా మాకు అన్నం, పప్పు వండిపెట్టడానికి మాస్టారూ వచ్చేవారు. మేమంతా ఏ కోట ముందో ఫోటోలు దిగుతుంటే, ఆయన పక్క సందులో ఏదో ఒక హోటల్ వెనక తలుపు వెతుక్కునేవారు. లోపలి పొయ్యినీ, గిన్నెల్నీ, వండేవాళ్ల చేతుల్నీ ఫోన్‌లో తీసుకునేవారు. పారిస్‌లో ఆయన తీసిన వాటిలో ఈఫిల్ టవర్ ఒక్కదాంట్లోనే ఉంది. అదీ ఉల్లిపాయల బస్తా వెనక, సగం.

ఎందుకిలా అని అడిగాను. "ముందు గుమ్మంలో నిలబడితే మనకేం పెడతారో తెలుస్తుందమ్మా. వాళ్లేం తింటారో వెనక్కెళితేనే కదా తెలిసేది" అన్నారు.

రోమ్‌లో పెద్ద ఫౌంటెన్ దగ్గర పొద్దున్నే ఒక గంటసేపే మాకు అనుమతి. టీలు ఇచ్చాక మాస్టారు కనబడలేదు. నా వంతుకి ఇంకా టైముందని, చూసి రమ్మని నన్ను పంపారు. సందులో ఒక చిన్న హోటల్ యజమాని ఆయన ఫోన్ లాక్కుని అరుస్తున్నాడు. మాస్టారికి ఆ భాష రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రం. నేను సర్దిచెప్పేలోగా ఆయన వెళ్లి, గుమ్మంలో చిక్కుళ్లలాంటి కాయలు ఒలుస్తున్న ముసలావిడ పక్కన కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టారు. ఆవిడ కాసేపు ఆయన వేళ్లనే చూసింది. తర్వాత నవ్వి, యజమానితో ఏదో అంది. ఫోన్ వెనక్కొచ్చింది.

నేను కెమెరా తీశాను. మాస్టారు "ఇక పదమ్మా" అన్నారు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఉండిపోయాను. తిరిగెళ్లేసరికి గంట దాటిపోయింది. పోస్టర్‌కి కావలసిన స్టిల్ లేదు. నిర్మాత కేకలేస్తుంటే మాస్టారు అడ్డొచ్చి, ఆ అమ్మాయిని తనే ఆపేశానని చెప్పారు. అయినా ఆ సినిమా నా చేతిలోంచి పోయింది.

అబద్ధం ఎందుకు చెప్పారని అడిగితే, "ఒకసారి చెప్పాను, నువ్వు కదల్లేదు. విస్తరి ముందు కూర్చున్నవాళ్లని రెండోసారి లేపకూడదమ్మా" అన్నారు.

ఆ తర్వాత పనిలేని ఆరునెలలూ ఆయన వెంట శ్రీనగర్ కాలనీ టిఫిన్ సెంటర్ల వెనక తిరిగాను. పిండి రుబ్బే ఆవిడ ఊరేమిటో, దోసెలు పోసే అతను ఇంటికెళ్లి ఏం తింటాడో కనుక్కోనిదే కెమెరా తియ్యనిచ్చేవారు కాదు. నాకు వచ్చిన పనిలో సగం అక్కడ నేర్చుకున్నదే.

ఆయన పోయిన మూడోరోజు బోరబండలో వాళ్లింటికి వెళ్లాను. ఆయనది పాలకొల్లు వైపు, ఆయన భార్యది ఇక్కడే. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి, "గీండ్ల ఏమున్నయో నాకు తెల్వదు బిడ్డా. జర చూసి చెప్పు" అంది. చాప మీద కూర్చుని చూశాం. ఇది ఏ ఊరు, ఆ గిన్నెల ఏం ఉడుకుతుందని ప్రతిదానికీ అడిగింది. సగం నాకూ తెలియవు.

అన్నిటికంటే చివరిది ఆస్పత్రి క్యాంటీన్ వెనక తీసింది. అంచున మసగ్గా ఆయన వేలు, దానికి తెల్లటి ప్లాస్టరు. లోపల ఒకామె ఇడ్లీపాత్ర మూత ఎత్తుతోంది. ముఖమంతా ఆవిరిలో ఉంది. గుడ్డతో మూత పట్టుకున్న చెయ్యి మాత్రం, గాజులతో సహా, స్పష్టంగా కనబడుతోంది.