పొత్తుల పెట్టిన ఉడుత పిల్లలు

2022 వానకాలం. ఇబ్రహీంపట్నంల ఆదిభట్ల పోయే రోడ్డు మీద ఒక చిన్న ప్రైవేటు పశువుల దవాఖానల నేను కాంపౌండర్‌ను. సూదులిచ్చుడు, కట్లు కట్టుడు, డాక్టర్ సార్ వచ్చేదాక జనాన్ని కూసుండవెట్టుడు నా పని. బర్లు, మేకలు, కోళ్లు, ఈ మధ్య కొత్త విల్లాల కుక్కలు. ఏండ్ల సంది చేస్తున్న కదా, నాకు రానిదేమున్నదని మస్తు పొగరుండె. నోరు గూడ జర ఎక్కువనే.

ఆ రోజు సార్ ఈనలేక తిప్పలు పడుతున్న బర్రెను చూడనీకి కందుకూరు పోయిండు. చేపలమ్మే పెంటవ్వ అట్టడబ్బ పట్టుకొని వచ్చింది. లోపల రెండు ఉడుత పిల్లలు. తీగలకు అడ్డమొస్తున్నదని కరెంటోళ్లు వేపకొమ్మ కొడితె గూడు కిందవడ్డదట, తల్లి మళ్ల రాలేదట. కండ్లు గూడ తెరవని పిల్లలకు సిరంజితోటి పాలు తాపి బతికించింది ముసల్ది. మా పనిల దీన్ని హ్యాండ్ రేరింగ్ అంటరు, తల్లి లేని పిల్లను మనిషి చేతుల మీద సాదుడు. మాలాంటోళ్లకే సక్కగ రాదు. ఆమెకొచ్చింది.

"బిడ్డా, మొన్నటిదాక ఒకదాన్నొకటి కావలించుకొని పండుతుండె. ఇప్పుడు పెద్దది చిన్నదాన్ని ఊకె కొరుకుతున్నది. ఏం చెయ్యాలె?"

నేను పక్కున నవ్విన. "అన్నదమ్ములు కొట్లాడకుంటె ఇంకెవలు కొట్లాడుతరు అవ్వా? పొత్తుల పెట్టు. ఒక్క తల్లెల తింటె అవే కలుస్తయి. మా ఇంట్ల పోరగాళ్లకు గదే మందు."

మా దిక్కు పొత్తుల తినుడంటె అందరు ఒక్క కంచంల చేతులు పెట్టి తినుడు. అలిగినోళ్లను కలపాలంటె ఇంట్ల పెద్దోళ్లు చేసే పని గదే. పెంటవ్వకు గూడ అది మనసుకు పట్టింది. "అవ్ బిడ్డా, నాకు సోయి లేకపాయె" అనుకుంట పోయింది. నేను మళ్ల ఫోన్ చూసుకుంట కూసున్న.

వారం తిరగకముందే వచ్చింది. ఈసారి అట్టడబ్బ లేదు, చిన్నదాన్ని ఒక్కదాన్నే కొంగుల చుట్టుకొని తెచ్చింది. చెవి చినిగింది. ఒక కన్ను వాచి మూసుకపోయి చీము కారుతున్నది. చేతులకు తీసుకుంటె బరువే లేదు.

ఆ రోజు సార్ ఉన్నడు. కన్ను కడుగుకుంట అడిగిండు: "ఎప్పుడు కొట్లాడుతయి అవ్వా?"

"తిండి చూస్తెనే సార్. పల్లి గింజ కనవడితె పెద్దది దీని మీదికి దుంకుతది. ఉత్తప్పుడు ఏమనది."

"మరి ఒక్కతాన ఎందుకు పెట్టినవ్? ఎవలు చెప్పిన్రు?"

పెంటవ్వ నా దిక్కు చూడను గూడ చూడలే. "ఎవలు చెప్తరు సార్? నా ముసలి బుద్ధి" అన్నది.

హమ్మయ్య అనిపించింది నాకు. ఛీ! గా హమ్మయ్యను తలుసుకుంటె ఇయ్యాల్టికి గూడ నా మీద నాకే అసయ్యమైతది. పొద్దందాక ఎండల కూసొని చేపలమ్ముకునే మనిషి నా నౌకరి పోతదేమోనని నా తప్పు నెత్తినేసుకుంటుంటె, నేను ఊపిరి పీల్చుకున్న.

"కాదు సార్. నేనే చెప్పిన" అన్న ఆఖరికి. తలకాయ లేపలేకపోయిన.

సార్ తిట్టలే. తిడితె జర తేలికయ్యేది. దీన్ని రిసోర్స్ గార్డింగ్ అంటరని చెప్పిండు. పాలు మాని గింజలకు మర్లే వయసుల తిండి నాదంటె నాదని కాపల కాసుడు. ఒక్క గిన్నె పెడితె బలమున్నది బలం లేనిదాన్ని చంపుతది. గిన్నెలు వేరు, గూళ్లు వేరు, నడుమ ఇనుప జాలి. ఒకదాని వాసన ఒకదానికి తగలాలె గని, పళ్లు తగలొద్దు. నేను చెప్పిందానికి ఇది పూరా ఉల్ట.

పెంటవ్వ గట్లనే చేసింది. కొట్లాట బందయ్యింది. పెద్దది మంచిగ బలిసి, ఒకనాడు తలుపు తీసిపెడితె చెట్టెక్కి పోయింది. చిన్నది పోలే. దానికి ఆ కన్ను రానే రాలే.

ఒకసారి చేపలు కొననీకి పోయినప్పుడు నేనే ముచ్చట ఎత్తిన. "దాన్ని గూడ ఇడువరాదు అవ్వా?" ఏమన్న మంచి మాట వింటనేమోనని నా ఆశ.

"ఎట్ల ఇడుస్త బిడ్డా? ఆ కన్ను లేని దిక్కుకెల్లి కాకొస్తె దానికి ఎర్కయితదా?"

కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చేపలు కోసి, కడిగి, కవర్ల ఏసిచ్చింది. నేను పైసలిచ్చి, గా కవర్ పట్టుకొని మర్లి వచ్చిన.

మా పనిల కేస్ హిస్టరీ అని ఒకటుంటది, మందు చెప్పే ముందు అడగాల్సిన ముచ్చట్లు. ఎప్పటి సంది, ఎప్పుడెప్పుడు, ఏం తిన్నంక. సార్ అడిగిన ఒక్క మాట నేను మొదటి రోజే అడిగుంటె సరిపోయేది. ఇప్పుడు ఎవలు ఏ జీవాన్ని తెచ్చినా ముందు అడుగుత, చెప్పేది మొత్తం వింట. తెల్వకుంటె తెల్వదని చెప్త. మనుషుల ముచ్చట తీసుకపోయి జీవాలకు అంటవెట్టను. ఇంత చిన్న సంగతి నాకు తెలిసేటందుకు ఒక కన్ను పోయింది, అది నా కన్ను గూడ కాదు.