పాత షాపు ముందు నల్లబల్ల

మొన్న ఆదివారం మా మేనకోడలు రాయపూర్ నుంచి వచ్చి, కొత్త ఉద్యోగం తాలూకు కార్డు నా చేతిలో పెట్టింది. కళ్ళజోడు సవరించుకుని చూస్తే పేరు కింద రెండు వరుసల ఇంగ్లీషు ఉంది. కంపెనీ సంగతులు కంపెనీలో పనిచేసేవాళ్ళకే చేరవేసే విభాగానికి మేనేజరట. సంతోషం పట్టలేక మిఠాయి తెద్దామని లేవబోతుంటే ఆ పిల్ల సోఫాలో కూలబడి, "క్యా ఫాయిదా అత్తా, ఏం లాభం! మీటింగ్‌లో నన్ను పిలవరు. అన్నీ వాళ్ళే డిసైడ్ చేసుకుని, లాస్ట్‌లో ఒక మెయిల్ పెట్టెయ్ అంటారు, బస్. నువ్వూ ఇదే పని చేశావు కదా, నీ మాట ఎలా వినేవాళ్ళు?" అంది.

ఏదో సర్దిచెప్పి, కడుపునిండా తినిపించి పంపేశాను గానీ, అది వెళ్ళాక వరండాలో కూర్చుంటే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పడమటి ఆకాశం ఎర్రబడుతోంది. అది పొద్దు గుంకే ఎరుపో, పెద్ద ఉక్కు ప్లాంటులో ఇనుము కరిగించగా మిగిలిన వేడి చిట్టెం పారబోసిన ఎరుపో పోల్చుకోలేకపోవడం భిలాయిలో పుట్టి పెరిగిన మా అందరికీ చిన్నప్పటినుంచీ అలవాటే. ఆ వెలుగులో అలా చూస్తూ ఉండగా, ఎన్నో ఏళ్ళుగా తలుచుకోని ఒక సైకిల్ స్టాండూ, దాని పక్కన గోడకి ఆనించిన ఒక నల్లబల్లా మెల్లగా కళ్ళముందుకొచ్చాయి.

మా నాన్న విజయనగరం వైపు నుంచి పెద్ద ప్లాంటులో పనికొచ్చి, సెక్టర్ 7లో క్వార్టరు సంపాదించుకున్న తరంవాడు. నాకు మాత్రం ఆ ప్లాంటులో ఉద్యోగం దొరకలేదు. జాముల్ దారిలో, ఇనుము కరిగించి యంత్రాల విడిభాగాలు పోతపోసే ఒక మధ్యరకం ఫౌండ్రీలో, పర్సనల్ డిపార్టుమెంటులో చేరాను. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా వచ్చిన తొలిరోజులవి. సర్కారు ఆఫీసుల బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు చెరిపి కొత్త పేరు రాస్తున్నారు, బస్సుల మీద రంగు ఇంకా ఆరలేదు, ఇకమీదట అన్నీ మారిపోతాయని రోడ్డు పక్క పోహా జిలేబీ తినేవాళ్ళంతా గట్టిగా చెప్పుకునేవాళ్ళు. ఏం మారతాయో మాత్రం ఎవరికీ తెలీదు. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అదొక తియ్యని అయోమయం.

నా పని కంపెనీ మాసపత్రిక వెయ్యడం, నోటీసులు అంటించడం. పత్రిక మొదటి పేజీలో పెద్దసారు ఫొటో, అంటే మా జనరల్ మేనేజరుగారిది, చివరి పేజీలో రిటైరైనవాళ్ళ ఫొటోలు. మధ్యలో ఎవరూ చదవని సంగతులు. నేను కష్టపడి దిద్దిన కాగితాలు మర్నాటికల్లా గేటు బయట సమోసాల కింద కనిపించేవి. నోటీసులైతే ఇంగ్లీషులోనూ, ఇంగ్లీషుకంటే కఠినమైన హిందీలోనూ ఉండేవి. పనివాళ్ళు నన్ను 'అఖ్‌బార్‌వాలీ దీదీ', అంటే వార్తాపత్రిక అక్క, అని పిలిచేవాళ్ళు. అది గౌరవమని చాలాకాలం నమ్మాను. తర్వాత తెలిసింది, ఏ కబురూ తెలియని మనిషిని చూసి నవ్వుకుంటూ పెట్టిన పేరని.

మా బాబాయి కూడా అక్కడే పనిచేసేవాడు. నాన్నకి ఆఖరి తమ్ముడు. నాన్న తర్వాత కొన్నేళ్ళకి వచ్చి, పాత షాపులో కుదురుకుని, కోహ్కాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ప్లాంటు భాషలో షాపంటే అమ్మే కొట్టు కాదు, పనిచేసే షెడ్డు. మా ఫౌండ్రీలో పాతదీ కొత్తదీ రెండు ఉండేవి. పాత షాపులో మనవాళ్ళే ఎక్కువ, శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులు. వాళ్ళతోపాటు చుట్టుపక్కల ఊళ్ళ ఛత్తీస్‌గఢీలు. పోత పోసే ముందు కరిగిన ఇనుము రంగు చూసి బాబాయి తల ఊపితేగానీ బకెట్టు కదిలేది కాదు. ఆ తల ఊపడంలో ఉన్న దర్జా మా పెద్దసారుకి కూడా ఉండేది కాదని ఇప్పటికీ అంటాను.

సెప్టెంబరు నెల వచ్చిందంటే విశ్వకర్మ పూజ. మన ఊళ్ళవాళ్ళకి ఇది అంతగా తెలియకపోవచ్చు గానీ, ఇక్కడ ప్రతి కర్మాగారంలోనూ అది ఇంటి పండగ. యంత్రాలు కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, షాపుషాపుకీ ఒక విగ్రహం కూర్చోబెట్టి, ఆ ఒక్కరోజు గేట్లు తెరిచి ఇంటివాళ్ళని లోపలికి రానిస్తారు. ఆ ఏడు ఆఫీసువాళ్ళు ఒక గదిలో కూర్చుని, రెండు చోట్ల ఎందుకు, కొత్త షాపులోనే అందరికీ కలిపి ఒకే పూజ చేద్దాం, చూడ్డానికి ఘనంగా ఉంటుంది అనుకున్నారు. అంతకంటే వాళ్ళ మనసులో ఏమీ లేదు. ఒక ఇంగ్లీషు కాగితం గోడకెక్కింది. అందులో ఏముందో నాకూ గోడకి అంటిస్తున్నప్పుడే తెలిసింది.

పాత షాపువాళ్ళు దాన్ని వేరేగా తీసుకున్నారు. విశ్వకర్మని ఎక్కడ కూర్చోబెడితే అక్కడ పని సాగుతుంది, దేవుడికి చోటులేని షాపుకి తాళమే. ఇది వాళ్ళలో ఎవరూ నోరుతెరిచి చెప్పుకోనక్కర్లేని నమ్మకం. అంతకుముందే కంపెనీ, కొంత డబ్బిచ్చి ముందే ఇంటికి పంపే స్వచ్ఛంద విరమణ పథకం తెచ్చి నెలాఖరు గడువు పెట్టి ఉంది. అప్పటిదాకా దాని మొహం చూడనివాళ్ళు ఒక్కసారిగా అటు తిరిగారు. షాపు మూసేశాక ఉత్త చేతులతో పోయేకంటే ఇప్పుడే పేరిచ్చుకుంటే నయమని ఒకరు, వాణ్ణి చూసి ఇంకొకరు, మంచి పనివాళ్ళే ముందుగా వరస కట్టారు.

ఆ సాయంత్రం బాబాయి, పిన్నీ మా ఇంటికొచ్చారు. బాబాయి మొహం చూస్తే కరిగి గట్టిపడిపోయినట్టుంది. "ఏటమ్మా, మా షాపు మూసేత్తన్నారంట గదా. రేపు నానూ పేరిచ్చీమంతావా? నువ్వు ఆఫీసులోనే ఉంతావు, నిజవేటో సెప్పు" అన్నాడు. ఇనుము మొహం చూసి దాని మనసు చెప్పగల మనిషి, నా మొహం చూస్తూ కూర్చున్నాడు. నాకు తెలీదు బాబాయ్ అన్నాను. పిన్ని టీగ్లాసు కింద పెట్టి, "దాని ఆఫీసులో దానికే ఎవులూ సెప్పరు గావాల" అంది. వెటకారంగా అన్నమాట కాదది, నిజంగా జాలిపడే అంది. అందుకే అంత గుచ్చుకుంది. ఆ పని లేకపోతే బాబాయి ఏమైపోతాడోనని నాకు నిజంగా భయం వేసింది.

మర్నాడు పొద్దున్న పెద్దసారే నన్ను పిలిపించారు. ఆయన బెంగాలీ, మాట తక్కువ మనిషి. నోటీసు రాసి ఉంచారు, పుకార్లు నమ్మవద్దు, నమ్మినవారిపై చర్య తీసుకోబడును అని. తీసుకెళ్ళి అంటించమన్నారు. ఇది అంటిస్తే పుకారు నమ్మనివాళ్ళు కూడా నమ్ముతారు సార్ అన్నాను. ఆయన కళ్ళెత్తి చూశారు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం, బాబాయి మొహమే కళ్ళలో ఉందేమో, ఆపకుండా అడిగేశాను. షాపు విషయంలో మీరు తేల్చిందేమిటి, తేల్చనిదేమిటి, తేల్చని దాన్ని ఎప్పుడు చెబుతారు? ఈ మూడూ చెప్పండి, ఉన్నదున్నట్టు రాస్తాను, తెలియనిది మాత్రం నా చేత్తో రాయలేను అన్నాను.

ఆయన రాసిన నోటీసు మడిచి సొరుగులో పెట్టేశారు. కోపం వచ్చిందనుకున్నాను. అప్పుడు నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. పాత షాపుకి చేతినిండా ఆర్డర్లున్నాయి, అవి అయ్యేదాకా మూసే మాటే లేదు. ఆ తర్వాత సంగతి తనకే తెలీదు, యజమానులింకా ఆలోచించలేదు. ఏదైనా తేలితే పనివాళ్ళకి ముందుగా చెప్పడానికి తనకి అభ్యంతరం లేదు. మరి పూజ ఎందుకు తీసేశారని అడిగితే ఆయన తెల్లబోయారు. పూజకీ షాపు మూతకీ సంబంధమేమిటని నన్నే అడిగారు. దేవుడు కూర్చున్నచోటే పని ఉంటుందని వాళ్ళ లెక్క సార్ అని చెబితే, తల పట్టుకుని, ఈ మాట మాతో ముందే ఎవరైనా అనకూడదా అన్నారు. ఆ గదిలో నేను లేను కదండీ అన్నాను. పాత షాపులోనూ పూజ పెట్టుకోమని, అదీ కలిపి రాయమని చెప్పి పంపారు.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి, స్టోర్సులో మూల పడి ఉన్న నల్లబల్లని తుడిచి, పాత షాపు ముందు సైకిల్ స్టాండు పక్కన పెట్టించి, సుద్దముక్కతో పెద్ద అక్షరాలతో రాశాను. ఒకపక్క మామూలు మనుషులు మాట్లాడుకునే హిందీలో, ఒకపక్క తెలుగులో. తేలింది ఇది, తేలనిది ఇది, తేలిన రోజు ఈ బల్ల మీదే రాస్తాం, ఈ ఏడు విశ్వకర్మ పాత షాపులోనూ కూర్చుంటాడు. రాసి పారిపోకుండా పక్కనే నిలబడ్డాను. గుంపు చేరింది. చదువు రానివాళ్ళకి వచ్చినవాళ్ళు చదివి వినిపించారు. తేలనిది అన్న వరసని మళ్ళీ చదవమన్నారు కొందరు. మాకు తెలీదు అని కంపెనీ ఒప్పుకోవడం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. బాబాయి రెండుసార్లు చదువుకుని, నా వైపు చూసి, పోత ముందు ఊపినట్టే తల ఊపాడు. పేరిచ్చినవాళ్ళలో చాలామంది గడువులోపు వెనక్కి తీసుకున్నారు.

పూజనాటి పొద్దు తలుచుకుంటే ఇప్పటికీ కలలా ఉంటుంది. చల్లారిన ఫర్నేసు మీద బంతిపూలు, ఇసక మీద రంగుల ముగ్గు, మసిపట్టిన దూలాలనుంచి వేలాడే చిన్నచిన్న దీపాలు, రేకుల కంతల్లోంచి దిగే ఎండలో అగరుపొగ తేలిపోతుంటే బూందీ చేతుల్లో పట్టుకుని పరుగెత్తే పిల్లలు. పెద్దసారు వచ్చి, తన వచ్చీరాని హిందీలో, బల్లమీది మాటలే అందరి ముందూ చెప్పారు. బాబాయి కొత్త చొక్కా వేసుకుని, పిన్నికి ఫర్నేసు చూపిస్తూ ఏదో వివరిస్తున్నాడు. అన్నేళ్ళ కాపురంలో తన మొగుడు రోజంతా ఏం చేస్తాడో ఆవిడ అంత శ్రద్ధగా విన్నది ఆరోజేనేమో.

ఆ తర్వాతి సోమవారం పెద్దసారు మీటింగుకి నన్ను పిలిచారు. తలుపు దగ్గర ఒక కుర్చీ. మొదట్లో టీ అందివ్వడానికి కూర్చోబెట్టారనుకున్నారు కొందరు ఆఫీసర్లు. నెమ్మదిగా, ఈ మాట కింద పనివాళ్ళు ఎలా తీసుకుంటారు దీదీ అని వాళ్ళే నా వైపు తిరిగేవాళ్ళు. నాకు తెలియకపోతే రేపు చెబుతానని, సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర నాలుగు మాటలు విని వచ్చేదాన్ని. ఒక్కోసారి నా మాట మీద ఒక నిర్ణయం ఆగిపోయేది, ఒక్కోసారి మారిపోయేది. గొప్పలనుకోకండి, ఆ కుర్చీ చివరికి మీటింగు బల్ల దగ్గరికే జరిగింది. శనివారం శనివారం తప్పకుండా నల్లబల్ల రాసేదాన్ని. రాయడానికేమీ లేకపోతే, ఈ వారం కొత్తగా తేలిందేమీ లేదు అని రాసేదాన్ని. "దీదీ, ఆజ్ భీ కుఛ్ నహీ?" ఇవాళ కూడా ఏమీ లేదా అని నవ్వుకుంటూ, నిశ్చింతగా సైకిళ్ళెక్కి పోయేవాళ్ళు.

కొన్నేళ్ళకి తేలనిది తేలింది. ఆర్డర్లు కొత్త షాపుకి వెళ్ళిపోయాయి, పాతదాన్ని మూసేస్తున్నారు. అందరికంటే ముందు తెలుసుకునే గది కోసం ఆశపడ్డాను కదా, ఆ రోజు ఆ గదిలో కూర్చుని, ఎందుకొచ్చానా ఇక్కడికి అనుకున్నాను. ఇళ్ళకి ఉత్తరాలు పంపేద్దామన్నారు ఒకాయన. ఒప్పుకోలేదు నేను. వాళ్ళకి మాట ఇచ్చాం, బల్ల మీదే రాయాలి, నేనే రాస్తాను అన్నాను. ఎవరికి ఎక్కడ పని దొరుకుతుందో, దొరకనివాళ్ళకి ఏమి ఇస్తారో అన్నీ తేల్చుకునేదాకా సుద్దముక్క పట్టుకోనని కూడా అన్నాను. ఎవరూ నాకు అడ్డు చెప్పలేదు. బాబాయి వయసువాళ్ళకి కొత్త షాపులో చోటు లేదు. అదీ నా చేత్తోనే రాశాను.

ఆ మధ్యాహ్నం కూడా పక్కనే నిలబడ్డాను. జనం వచ్చారు, చదువుకున్నారు, చదువు రానివాళ్ళకి వినిపించారు. అరుపుల్లేవు. బాబాయి చివర్లో వచ్చి నిదానంగా అంతా చదివి, సైకిల్ తీసుకుని నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు. "బాగా రాసినావమ్మా. ఎవులికీ అనుమానం నేకుండా రాసినావు" అన్నాడు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, అంతమంది ముందూ చిన్నపిల్లలా ఏడ్చేశాను.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. కబురు పుట్టకముందే చేరిపోతోంది, మంచిదే. మా మేనకోడలి కంపెనీలో మనిషి ఉద్యోగం పోయిన సంగతి కూడా తెరమీదే తెలుస్తుందట, చెప్పినవాళ్ళెవరో ఎదురుగా ఉండనక్కర్లేదట. నా మాట ఎలా వినేవాళ్ళని అడిగిందే పిల్ల, దానికి నేను చెప్పగలిగింది ఇంతే. ఆ మధ్యాహ్నం బతుకుతెరువు పోయిందని చదువుకున్న అంతమందిలో, ఇది నిజమేనా దీదీ అని నన్ను ఒక్కరూ అడగలేదు. ఇవాళ ఏ కబురొచ్చినా, ఎవరు పంపినా, మనమందరం ముందుగా అడుగుతున్నది అదే.