వడపోసిన సీసా

అద్దకం పెద్దాయనకు మళ్లీ రంగుల తొట్టి దగ్గర నిలబడాలని ఒకటే యావ. మూత్రసంచిలో గడ్డ తీశాక, ఏళ్ల తరబడి ఆ రంగుల మధ్య పనిచేయడం కూడా కారణం కావచ్చని డాక్టరమ్మ అంది. అప్పటినుంచి భార్య ఆయనను అద్దకం షెడ్డు వైపు పోనివ్వడం లేదు.

"తొట్టిలో చెయ్యి పెట్టనే. గుమ్మంలోంచే రంగు చూసి చెప్పి వచ్చేస్తాను" అని బతిమాలేవాడు.

"ఈసారి పరీక్ష కూడా బాగుందంటే చూద్దాం" అనేది ఆవిడ.

ఆ మాటే పట్టుకుని వేలాడుతున్నాడు. పోయినసారి మూత్రపరీక్షలో చెడు కణాలు లేవన్నారు. అక్కడిదాకా విని, మిగతాది వినకుండానే లేచి వచ్చేశాడు. ఇంట్లో పొద్దు గడవదు. ఉతికిన దుప్పటి ఆరేస్తూ రంగు వెలిసిందని నసిగేవాడు. గోళ్లలో నీలం పోయి తెల్లబడ్డ వేళ్లను చూసుకుని, ఎవరివో అన్నట్టు ఒళ్లో పెట్టుకునేవాడు.

ఈసారి ఇంట్లో పట్టి తెచ్చిన మూత్రం సీసా ఇచ్చి, భార్య పక్కన కూర్చున్న కాసేపటికే ల్యాబ్ అమ్మాయి బయటికి వచ్చింది.

"బాబాయ్, ఇందులో కణాలే లేవు. పోయినసారీ చాలా తక్కువ ఉన్నాయని రాసుంది. ఇంత తేటగా ఎలా ఉంది?"

పెద్దాయన ముఖం వెలిగింది. "ఉండదా మరి? గుడ్డ రెండు మడతలేసి వడపోశాను. వడపోయని రంగునీళ్లు ఏ అద్దకందారైనా తొట్టిలో పోస్తాడా? మడ్డి ఉంటే అంతా మచ్చలే!"

"అయ్యో! మేం వెతికేదే ఆ మడ్డిలో. సంచి లోపలి పొర నుంచి రాలిన కణాలు అందులోనే ఉంటాయి. జబ్బు తిరగబెడితే వాటిలోనే తెలుస్తుంది."

భార్య ఆయన వైపు తిరిగింది. "ఏ గుడ్డ?"

"నీ పాత చీర... చిన్న ముక్కే."

"ఇంటికి పదండి, మిమ్మల్ని వడపోస్తాను" అంది గానీ, ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

అక్కడే మళ్లీ పట్టి ఇచ్చాడు. వారం తర్వాత డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. కొన్ని కణాలు అనుమానంగా ఉన్నాయి, లోపలికి సన్నని గొట్టం పంపి చూడాలి, త్వరగా వచ్చారు కాబట్టి భయపడొద్దు.

"గుమ్మంలో నిలబడొచ్చా అమ్మా?" ఆయన అడిగింది అదొక్కటే.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

తిరుగు బస్సెక్కారు. షెడ్డు దగ్గరి స్టాపు రాగానే భార్యే లేచింది. "దిగండి."

ఆయనను రోడ్డుకు ఇవతలే ఆపింది. ఎదురుగా తెరిచిన గేటులోంచి, అప్పుడే తీసి వేలాడదీసిన ఎర్రగుడ్డలు కనబడుతున్నాయి. ఆయన మెడ సాచి చూశాడు.

"తొందరపడి తీసేస్తున్నారే. ఇంకాసేపు నానాలి."

"గేటు దగ్గర నిలబడి నేను చెప్పొస్తాను. ఇంకేం చెప్పమంటారు?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ల వేడి, ఉప్పు, గుడ్డను తిప్పే తీరు, ఎండ. ఆవిడ ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నది. చాలాసేపటికి గానీ ఆయన ఆమెను రోడ్డు దాటనివ్వలేదు.