సామ్యేలు కాక సున్నం వేసిన గోడ

మూడేళ్ల కిందట మంచిర్యాలలో ఒక మిత్రుడి ఇంట్లో చిన్న బొమ్మ చూశాను. చుట్టూ చీకటి, టోపీ దీపాల వెలుగులో సద్ది తింటున్న ఇద్దరు గని కార్మికులు. గీసింది గోదావరిఖనిలో బొగ్గు తవ్వే సామ్యేలు అని చెప్పి, మిత్రుడు ఆయన నంబరు ఇచ్చాడు. అప్పటి నుంచి ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. తన కంపెనీ క్వార్టర్‌లో గోడ నిండా గనిని గీస్తున్నానని, వచ్చి చూడమని అనేవాడు. ఈ మార్చిలో మళ్లీ ఫోన్ చేశాడు. "రిటైరైన, బిడ్డా. నెలాఖరుకు క్వార్టర్ అప్పజెప్పాలె. జర జల్ది రా." సెలవు దొరకలేదు, వచ్చే వారం వస్తానన్నాను. వెళ్లింది జూన్‌లో. మనుషులు ఇల్లు మారినా గోడ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

సికింద్రాబాద్‌లో ఉదయం ఎనిమిదింటికి రైలెక్కితే మధ్యాహ్నానికి రామగుండంలో దిగాను. సెకండ్ సిట్టింగ్ టికెట్ నూట ముప్పై లోపే. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలుంటాయి, మనిషికి ముప్పై. సామ్యేలు పేరు చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "చర్చిల బొమ్మలేసే కాకనా? ఇప్పుడు క్వార్టర్ల లేడన్నా, మార్కెట్ ఎనుక కిరాయికుంటుండు." గుమ్మం ముందే దింపాడు.

కాక భార్య రూతమ్మ చిన్నమ్మ అన్నం, పచ్చిపులుసు వడ్డించింది. తింటూ కాక తన కథ చెప్పాడు. చదువు ఏడో తరగతితో ఆగింది. బొమ్మలు నేర్పిన వాళ్లెవరూ లేరు. గనిలో బొగ్గు మోసుకెళ్లే టబ్బుల మీద నంబర్లు రాసే సుద్దముక్కతోనే తోటివాళ్ల ముఖాలు గీసేవాడు. తర్వాత క్యాలెండర్లు చూసి చర్చి కోసం యేసు బొమ్మలు, గొర్రెల మందలు వేశాడు. పదిహేనేళ్లు అంతే. ఒకరోజు చిన్నమ్మే అడిగిందట, "ఎన్నడు సూడని ఎడారి గీస్తవు, రోజు దిగే బొగ్గుబాయి గియ్యవేంది?" అని. మొదట్లో వేసినవన్నీ తారు పూసినట్టు వచ్చాయి. "నలుపంటె ఒక్క రంగు గాదు బిడ్డా. తడి బొగ్గుల నీలముంటది, దుమ్ముల మట్టిరంగుంటది. గది తెల్సుకోటానికి పదేండ్లు పట్టింది" అన్నాడు.

"గోడ చూసొద్దామా కాకా?" అన్నాను. ఆయన పళ్లెంలో అన్నం కలుపుతూ చిన్నమ్మ వైపు చూశాడు.

"ఏడున్నది గోడ? ఎట్ల తీస్కున్నమో గట్లనే అప్పజెప్పాలె గదా. ఆయినే సున్నమేసిండు" అంది చిన్నమ్మ. సున్నం వేయకముందు తీసిన ఫొటో ఫోన్‌లో చూపించింది. తెర నిండా నలుపు, మధ్యలో నాలుగు వెలుగు చుక్కలు. ఒక్క ముఖమూ కనిపించలేదు.

"మళ్లీ గీయొచ్చు కదా కాకా?"

"కిరాయిల్లు. ఓనరు మేకు గూడ కొట్టనియ్యడు" అని నవ్వడానికి ప్రయత్నించాడు.

నేను చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు చిన్నమ్మ మెల్లగా అంది, "నువ్వొస్తనన్నవని గడువు దాటినంక గూడ రెండు దినాలు ఆపిండు. మూడోనాడు సున్నం కలిపిండు."

తిరుగు రైల్లో నాలుగు గంటలూ ఆ మాటే. సెలవు దొరకలేదని కాకకూ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. నిజానికి నేను సెలవు అడగనే లేదు. ఒక మనిషి ఇన్నేళ్లు కష్టపడి నేర్చుకున్నదంతా పెట్టిన గోడను చూడటానికి ఒక్కరోజు చాలేది.

మీరు వెళ్లాలనుకుంటే ఆదివారం వద్దు, మధ్యాహ్నం దాకా ఇద్దరూ చర్చిలో ఉంటారు. కాక దగ్గర ఇంకా పదకొండు కాగితం బొమ్మలున్నాయి. ముందుగా కబురు పెట్టండి. ఏ రోజు వస్తానంటే ఆ రోజే వెళ్లండి.