మూడుకూ మూడేకూ మధ్య

మెంజా రోజూ పొద్దున్నే ఏడింటికి ఇంటి వెనక పాతిన కొలకర్ర దగ్గరికి వెళుతుంది. రాత్రి పడిన మంచు ఎంత లోతో చూస్తుంది, కొంచెం గొట్టంలోకి తీసి తూస్తుంది, ఆ అంకెలు పట్నంలోని మంచు కార్యాలయానికి పంపుతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. జ్వరం వచ్చినా మానలేదు. పెళ్లిరోజున మాత్రం పావుగంట ఆలస్యమైంది. అదీ తన తప్పు కాదంటుంది.

ఊరూరి నుంచీ వచ్చిన అంకెలు చూసి కార్యాలయం సాయంత్రం ఒక అంకె ప్రకటిస్తుంది. మర్నాడు మంచు చరియలు విరిగిపడే అపాయం ఎంతో, ఒకటి నుంచి అయిదు దాకా. ఎంగడీన్ లోయలో అది తెలియని ఇల్లు లేదు. అయినా రొట్టెల కొట్లో మెంజా కనబడితే చాలు, "ఎంత?" అని అడగందే ఎవరికీ తోచదు. "మూడు" అంటుంది. "మూడే కదా" అని ఎవరైనా అన్నారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. చేతిలోని రొట్టెతో కొట్టినా కొడుతుంది.

నాలుగంటే ఎవరూ కొండెక్కరు. రెండంటే అంత భయం లేదు. అయిదులో మూడు అనేసరికి, సగానికి కాస్తే ఎక్కువ కదా అని జనం స్కీలు భుజాన వేసుకుని బయల్దేరతారు. ఈ లోయలో మంచు కింద పోయినవాళ్లలో ఎక్కువమంది మూడు అని ప్రకటించిన రోజున పోయినవాళ్లే. మెంజా భర్త యాకెన్ కూడా అలాగే పోయాడు. పదకొండేళ్లయింది.

ఈ ఏడు జనవరిలో రెండు వారాలపాటు ఆకాశం తుడిచినట్టుంది. రాత్రుళ్లు ఎముకలు కొరికే చలి. పాత మంచు పైన వేలెడు పొడవున తెల్లటి ఈకల్లాంటి మంచు పలుకులు మొలిచాయి. సెలవులకొచ్చినవాళ్లు వాటిని ఫోటోలు తీసుకుని మురిసిపోయారు. మెంజా చూసినప్పుడల్లా తిట్టుకుంది. ఆ తర్వాత మూడు రోజుల్లో మోకాలు దాటి కొత్త మంచు పడి వాటిని కప్పేసింది. నిలబెట్టిన అప్పడాల మీద బియ్యం బస్తా పెట్టినట్టయింది వ్యవహారం.

శుక్రవారం సాయంత్రం రొట్టెల కొట్లో మరిది డూరి తగిలాడు. డూరి కొండల్లో గైడు. ఏటా వచ్చే ఆరుగురు పట్నంవాళ్లను మర్నాడు మోట్ నైర్ వాలు మీద స్కీలతో దించాలి.

"మూడే కదా వదినా," అన్నాడు.

"ఎక్కడన్నా తవ్వి చూశావా?"

"చూడకేం! నిన్ననే తవ్వా. పారతో ఇరవై అయిదు దెబ్బలేసినా కదల్లేదు."

మంచులో గొయ్యి తీసి, రంపంతో దిమ్మ కోసి, దాని మీద పార బోర్లించి చేత్తో కొట్టి చూస్తారు. మణికట్టుతో పది, మోచేత్తో పది, భుజంతో పది. ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటే లోపలి పొర అంత గట్టిదని లెక్క.

"ఎక్కడ తవ్వావు?"

"పై గుడిసె దగ్గర."

"ఎండవైపా?"

రొట్టెలమ్మే బార్బ్లా అందుకుంది. "పాపం, కూచుని సాసేజి తినడానికి వెచ్చగా ఉండొద్దూ!"

కొట్టంతా నవ్వింది.

"ఎండవైపు ఈకలు మంచు పడకముందే కరిగిపోయాయి నాయనా. మోట్ నైర్ నీడవైపు. అక్కడివి అక్కడే ఉన్నాయి," అంది మెంజా.

నవ్వులపాలయ్యేసరికి డూరికి రోషం వచ్చింది. "అన్నయ్య పోయినప్పట్నించీ నీకు ప్రతి వాలూ శ్మశానమే! నీ మాట వింటే నేను కొండలొదిలేసి గొర్రెలు కాసుకోవాలి."

మెంజా రొట్టె బల్ల మీద పెట్టింది.

"ఆ పొద్దున మీ అన్నయ్య నన్నడిగాడు, ఎంత అని. కాఫీ పోస్తూ, మూడే అన్నాను. అన్నది నేనే డూరీ. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు."

డూరి టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "రేపు నువ్వూ రా. నీడవైపు తవ్వి చూద్దాం," అన్నాడు.

శనివారం పొద్దున ఆరుగురినీ వెంటబెట్టుకెళ్లి, పెద్ద వాలు కిందికి పోకుండా, అడవి అంచున నీడపట్టున ఉన్న చిన్న గట్టు చూసుకుని తవ్వారు. మెంజా దిమ్మ కోస్తోంది. రంపం అవతలికి చేరకముందే పై సగం జారి ఆమె ఒళ్లో పడింది. పారతో ఒక్క దెబ్బ కూడా వేయలేదు. తెగినచోట ఈకలు చెక్కుచెదరకుండా మెరుస్తున్నాయి. డూరి వాటిని చూశాడు, పైన మోట్ నైర్ వంక చూశాడు.

"వెనక్కి," అన్నాడు.

ఆరుగురూ సణుక్కుంటూ చెట్ల మధ్య నుంచి దిగొచ్చారు. మధ్యాహ్నం హోటలు వరండాలో కూచుని చూస్తుండగానే, ఎవరో ఇద్దరు మోట్ నైర్ పైనుంచి కిందిదాకా కేరింతలు కొడుతూ దిగారు. మంచు కిక్కురుమనలేదు. ఆరుగురిలో ఒక పళ్ల డాక్టరున్నాడు. వచ్చే ఏడాది వదినగారు లేని గైడును చూసుకుంటామని డూరి మొహమ్మీదే అనేశాడు.

ఆదివారాలు డూరి భోజనం వదిన ఇంట్లోనే. ఆ ఆదివారం పన్నెండయింది, ఒంటిగంటయింది. మెంజా బార్లీ సూపు రెండుసార్లు వేడిచేసింది. ఇక రాడనుకుని అతని గిన్నె తీయబోతుంటే తలుపు ధడాల్న తెరుచుకుంది.

"ఏటా వచ్చేవాళ్లు చేజారిపోయారు! ఊరంతా నవ్వుతోంది! ఆ ఇద్దరికీ ఏమైంది? ఏమీ కాలేదు. మాకూ ఏమీ అయ్యేది కాదేమో!"

"కాదేమో."

"జారేదా, జారేది కాదా? ముప్పై ఏళ్లుగా కొలుస్తున్నావుగా, చెప్పు!"

"తెలీదు డూరీ. కూచో."

"తెలీదట!"

కూచున్నాడు. తిడుతూనే సూపు తాగాడు. తిడుతూనే మారు అడిగాడు. ఉప్పు తక్కువైందని దాన్నీ తిట్టాడు. మెంజా ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అతను అరిచేకొద్దీ ఆమెకు సంతోషం పొంగుకొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. పదకొండేళ్ల కిందట ఇదే బల్ల మీద యాకెన్ కోసం పోసిన సూపు చీకటిపడేదాకా అలాగే ఉండిపోయింది.

"ఆపకు, అరుస్తూనే ఉండు," అంది గరిటె అందుకుంటూ. "ఇంకొంచెం పోస్తాను."